టికెట్ చేతికొచ్చిందా? ముందు వకాల్తా రాయండి

"నీ వీసా క్యాన్సిల్ అయింది. టికెట్ వచ్చేసింది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. మిగతా పైసలు నువ్వు ఇంటికి పోయినంక అకౌంట్‌ల వేస్తం."

గల్ఫ్‌లో నాలుగైదేళ్లు పనిచేసిన వాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. మీరు వినకపోతే మీ పక్క బెడ్ అన్నను అడిగి చూడండి.

ఇంటికి వెళ్లాలనే ఆరాటంలో ఉన్న మనిషి ఆ సంతకం పెట్టేస్తాడు. ఊళ్లో పెళ్లీడుకొచ్చిన బిడ్డ, మంచాన పడ్డ అమ్మ కళ్లముందు మెదులుతారు. విమానం ఎక్కుతాడు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. అకౌంట్‌లో ఒక్క రూపాయి పడదు. క్యాంప్ బాస్ ఫోన్ ఎత్తడు. చివరికి పక్క టౌన్‌లో ఒక లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇది: "అక్కడ మీ తరఫున ఎవరికైనా రాసిచ్చి వచ్చారా?"

ఈ నెల వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. వలస కార్మికుల కేసులు చూసే లాయర్లు పదే పదే చెప్పే మాట ఒకటుంది. మీ జీతం మీద మీకు హక్కు ఉంది, అది చట్టంలో రాసి ఉంది. కానీ మీరు ఊరికి వెళ్లిపోయాక ఆ హక్కును అడగడానికి ఇక్కడ ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక కాగితం ఉండాలి.

2020 నేర్పిన పాఠం

కరోనా వచ్చిన ఏడాది గుర్తుంది కదా. 2020 మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. సైట్లు మూతపడ్డాయి, క్యాంపుల్లో తిండికి ఇబ్బంది అయింది. ప్రాణాలతో ఇంటికి చేరితే చాలనుకుని ఎంతోమంది జీతం బకాయిలు, సర్వీసు డబ్బు అన్నీ వదిలేసి విమానం ఎక్కారు. ఫిర్యాదు పెట్టే టైమ్ లేదు, ఆఫీసులు తెరిచి లేవు.

అప్పుడే ఆసియా దేశాల్లో వలస కార్మికుల కోసం పనిచేసే సంఘాలు, కార్మిక యూనియన్లు, లాయర్స్ బియాండ్ బోర్డర్స్ అనే లాయర్ల బృందం కలిసి 2020 జూన్ 1న ఒక ప్రచారం మొదలుపెట్టాయి. "జీతం ఎగ్గొట్టడం దొంగతనమే, దాన్ని ఆ పేరుతోనే పిలవండి" అన్నది దాని సారాంశం. ఇంటికి చేరినవాళ్ల బకాయిలు వసూలు చేసే ఏర్పాటు ఉండాలని కోరుతూ ఆ లాయర్లు కేరళ హైకోర్టు దాకా వెళ్లారు.

ఆ ఏడాది లాయర్లకు ఎదురైన పెద్ద అడ్డంకి కాగితాలు. కాంట్రాక్టు కాపీ కంపెనీ దగ్గర, జీతం లెక్క కంపెనీ దగ్గర, కార్మికుడు కరీంనగర్‌లోనో కడపలోనో. అక్కడి కోర్టులో అతని తరఫున నిలబడే అధికారం ఎవరికీ లేదు.

వకాల్తా అంటే ఏమిటి?

ఈ మాట మనకు కొత్త కాదు. ఎవరైనా పక్కవాడి తరఫున మాట్లాడితే "నువ్వెందుకు వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నావ్?" అంటాం. ఆ వకాల్తాకు మూలం అరబిక్ మాటే. గల్ఫ్ నోటరీ ఆఫీసుల్లో "వకాలా" అని అడిగితే ఇచ్చేది ఇదే కాగితం. ఇంగ్లీషులో పవర్ ఆఫ్ అటార్నీ. భూముల దగ్గర జీపీఏ అని వినే ఉంటారు, అదే జాతి.

"నా లేబర్ కేసులో నా బదులు ఈ మనిషి ఫిర్యాదు పెట్టొచ్చు, వాయిదాలకు హాజరు కావచ్చు, లాయర్‌ను పెట్టుకోవచ్చు" అని మీరు రాసిచ్చే అధికారం అది. అది ఉంటే మీరు ఊళ్లో వరి కోతల్లో ఉన్నా దుబాయ్‌లో మీ కేసు నడుస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. 2020 జనవరిలో భారత ప్రభుత్వం యూఏఈ కోర్టుల తీర్పులను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకునేలా గెజిట్ ఇచ్చింది. అంటే ఇక్కడి బ్యాంకు అప్పు కట్టకుండా వెళ్లిపోతే ఆ తీర్పు మీ జిల్లా కోర్టుకు రావచ్చు. అప్పు ఇచ్చినవాడి కేసు సముద్రం దాటుతోంది. మీ చెమట డబ్బు కేసు మాత్రం ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఎప్పుడు, ఎవరికి, ఎలా రాయాలి?

ఎప్పుడు అంటే, వీసా క్యాన్సిల్ కాకముందే. మీ ఎమిరేట్స్ ఐడీ చెల్లుతున్నప్పుడే నోటరీ పని సులువు. టైపింగ్ సెంటర్‌లో కాగితం తయారు చేయించి, నోటరీ ముందు సంతకం పెట్టాలి. సౌదీలో ఇఖామా, అబ్షర్ అకౌంట్ ఉన్నవాళ్లు నాజిజ్ ద్వారా ఫోన్‌లోనే వకాలా ఇవ్వొచ్చు.

యూఏఈ కేసుకు ఊరికి వెళ్లాక రాయాలంటే దారి ఉంది కానీ పొడుగు. ఊళ్లో నోటరీ, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, మన విదేశాంగ శాఖ ముద్ర, ఆ దేశపు ఎంబసీ ముద్ర, మళ్లీ ఇక్కడికి వచ్చాక ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర, అరబిక్ అనువాదం. ఒక్కో ముద్రకూ డబ్బు, రోజులు. విమానం ఎక్కకముందు ఒక పూటలో అయ్యే పని, దిగాక నెలలు పడుతుంది.

ఎవరికి రాయాలి? ఇక్కడ ఇంకా కొన్నేళ్లు ఉండే, వీసా చెల్లుబాటులో ఉన్న, మీరు నమ్మే మనిషికి. బావమరిది కావచ్చు, మీ ఊరి అన్న కావచ్చు, లాయర్ కావచ్చు. అదే కంపెనీలో పనిచేసేవాళ్లకు రాస్తే వాళ్ల మీద ఒత్తిడి వస్తుంది, ఆలోచించుకోండి.

ఏం రాయాలి? "లేబర్ కేసు వరకు మాత్రమే" అని పరిమితి పెట్టండి. అన్ని అధికారాలూ ఇచ్చే జనరల్ కాగితం మీద సంతకం వద్దు. కేసులో వచ్చే డబ్బు ఎవరి చేతికి, ఏ అకౌంట్‌కు రావాలో స్పష్టంగా ఉండాలి. మీ సొంత అకౌంట్ నంబరే రాయించండి. కాగితం అరబిక్‌లో ఉంటుంది. పక్కన ఇంగ్లీషు ఉన్నా, తేడా వస్తే చెల్లేది అరబిక్ వైపే. అందుకని సంతకానికి ముందు తెలిసినవాళ్లతో పూర్తిగా చదివించుకోండి. చదివించుకోవడం నామోషీ కాదు.

గడువు దాటితే హక్కు పోతుంది

లేబర్ కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చులే అనుకోకండి. యూఏఈలో పని ముగిసిన రోజు నుంచి 2 ఏళ్లు. ముందు ఇది ఒక్క ఏడాదే, 2024లో చట్టం సవరించి రెండేళ్లు చేశారు. సౌదీలో 12 నెలలు. ఖతర్‌లో, కువైట్‌లో ఏడాది. "వచ్చే నెల పంపిస్తాం" అని కంపెనీ తిప్పుతూ ఉంటే ఆ తిప్పే నెలలన్నీ మీ గడువులోంచే పోతాయి.

యూఏఈలో దారి ఇలా ఉంటుంది. ముందు లేబర్ మంత్రిత్వ శాఖకు, అంటే మోహ్రేకు ఫిర్యాదు. యాప్‌లో పెట్టొచ్చు, 80084కు ఫోన్ చేయొచ్చు. వాళ్లు 14 రోజుల్లో రాజీ కుదర్చాలని చూస్తారు. మీరు అడిగే మొత్తం 50,000 దిర్హమ్‌ల లోపు ఉంటే మంత్రిత్వ శాఖే తీర్పు చెప్పే అధికారం 2024 జనవరి నుంచి వచ్చింది. అది నచ్చనివాళ్లు 15 పని దినాల్లో కోర్టుకు వెళ్లాలి. అంతకు మించిన మొత్తమైతే రాజీ కుదరనప్పుడు కేసు కోర్టుకు వెళ్తుంది. కార్మికుడు వేసే కేసు లక్ష దిర్హమ్‌ల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. కార్మికుడు చనిపోతే అతని వారసులకూ ఈ మినహాయింపు ఉంది.

మీ లెక్క మీరే వేసుకోండి

లాయర్ దగ్గరికి "నాకు చాలా రావాలి సార్" అని వెళ్తే పని జరగదు. అంకె కావాలి. ఒక మేస్త్రీ 6 ఏళ్లు పనిచేశాడనుకుందాం. బేసిక్ జీతం నెలకు 1,000 దిర్హమ్‌లు, అన్నీ కలిపి 1,500. మూడు నెలల జీతం రాలేదు.

యూఏఈ చట్టం ప్రకారం మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. అంటే 105 రోజులు. ఐదేళ్లు దాటాక ఏడాదికి 30 రోజులు. మొత్తం 135 రోజులు. వెయ్యిని 30తో భాగించి 135తో గుణిస్తే 4,500 దిర్హమ్‌లు. మూడు నెలల జీతం ఇంకో 4,500. మొత్తం 9,000 దిర్హమ్‌లు. మన రూపాయల్లో 2 లక్షల కంటే తక్కువ కాదు. వాడుకోని సెలవుల డబ్బు వేరే.

ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఎంతో గుర్తు తెచ్చుకోండి. ఆ అప్పు తీర్చే డబ్బే ఒక సంతకంతో వదిలేసుకుంటున్నాం.

సంతకం సంగతి మళ్లీ చెప్పాలి. వీసా క్యాన్సిల్ కాగితంలో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అనే వాక్యం ఉంటుంది. డబ్బు చేతికి రాకుండా దాని మీద సంతకం పెడితే తర్వాత లాయర్ ఎంత పెద్దవాడైనా ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది. పని ముగిసిన 14 రోజుల్లో కంపెనీ మీ లెక్క మొత్తం చెల్లించాలని యూఏఈ చట్టం చెబుతోంది. "డబ్బు వచ్చాక సంతకం పెడతాను" అనడం గొడవ పెట్టుకోవడం కాదు, అది మీ హక్కు.

కంపెనీ దివాలా తీసింది కదా అని ఆశ వదులుకోకండి. యూఏఈలో కార్మికుల బకాయిల కోసం కంపెనీలు బ్యాంకు గ్యారంటీ గానీ ఇన్సూరెన్స్ గానీ పెట్టాలి. ఇన్సూరెన్స్ అయితే ఒక్కో కార్మికుడికి 20,000 దిర్హమ్‌ల దాకా కవర్ అవుతుంది. మీ కంపెనీ ఏది పెట్టిందో మోహ్రేను అడగండి.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు

సైట్ మీద పనిచేసేవాళ్లకు చుట్టూ వందమంది ఉంటారు. ఇంటి పనిలో ఉన్న ఆడవాళ్లకు నాలుగు గోడలే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వచ్చిన అక్కలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నోటరీ దాకా వెళ్లనిచ్చే మేడమ్‌లు ఎంతమంది?

అయినా చట్టం మీ వైపు కొంత కదిలింది. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలనీ చెప్పింది. యూఏఈలో 2022 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న ఇంటిపనివాళ్ల చట్టం ప్రకారం రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరుసగా, వారానికి ఒక రోజు జీతంతో సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. గొడవ వస్తే మోహ్రేకు వెళ్లే హక్కు మీకూ ఉంది.

బయటికి వెళ్లే వీలు లేనివాళ్లు ఒక పని చేయండి. జీతం ఇచ్చిన రోజు, ఇవ్వని నెల, ఎన్ని గంటలు పని చేశారో చిన్న పుస్తకంలో తెలుగులోనే రాసుకోండి. నెలకోసారి వాట్సాప్‌లో ఇంటికి వాయిస్ మెసేజ్ పంపండి: "ఈ నెల జీతం ఇంత వచ్చింది, ఇంత రాలేదు." ఎప్పటికప్పుడు తేదీతో పంపిన మెసేజ్‌లు తర్వాత లాయర్‌కు కేసు మొదలుపెట్టే దారి చూపిస్తాయి. కొడుతున్నా, బంధించినా ఇవేవీ ఆలోచించకండి. ముందు ఎంబసీకో పోలీసుకో కబురు చేర్చండి. కేసు తర్వాత చూసుకోవచ్చు.

లాయర్ ఫీజు ఎవరిస్తారు?

లాయర్ అనగానే భయం డబ్బు దగ్గరే మొదలవుతుంది. ఉచితంగా దొరికే సాయం ముందు వాడుకోండి.

దుబాయ్ కాన్సులేట్ కింద పనిచేసే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో ఉచితంగా లాయర్ సలహా దొరుకుతుంది. టోల్ ఫ్రీ నంబరు 800 46342. ఇలాంటి కేంద్రాలు రియాద్, జెద్దాల్లో కూడా ఉన్నాయి. కష్టంలో ఉన్నవాళ్లకు లాయర్ ఖర్చు భరించడానికి ఎంబసీల దగ్గర భారత సమాజ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. అది దానంతటది రాదు, దరఖాస్తు పెట్టి అడగాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఈ-మైగ్రేట్ ద్వారా వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలని అందరికీ తెలుసు. ఉద్యోగానికి సంబంధించిన కేసు ఖర్చులకు 45,000 రూపాయల దాకా ఇస్తారని తెలిసినవాళ్లు తక్కువ. పాలసీ గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోండి.

సొంతంగా లాయర్‌ను పెట్టుకుంటే ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, రసీదు తీసుకోండి. కోర్టులో వాదించేది లైసెన్స్ ఉన్న అడ్వకేట్ మాత్రమే. "నాకు లోపల మనిషి ఉన్నాడు, గెలిస్తే సగం నాకు" అని క్యాంపుల చుట్టూ తిరిగే బ్రోకర్‌కు పాస్‌పోర్టు గానీ వకాల్తా గానీ ఇవ్వకండి.

ఊరికి వచ్చేశాక?

అప్పటికే వచ్చేసి ఉంటే గడువు చూసుకుని కదలండి. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఢిల్లీ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ 1800 11 3090. హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ వాళ్ల ప్రాంతీయ సహాయ కేంద్రం ఉంది.

ప్రతి జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేయొచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ ఇవ్వాలి. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఆ లాయర్ గల్ఫ్ కోర్టుకు రాలేడు. కానీ వకాల్తా ముసాయిదా రాయడం, అఫిడవిట్ చేయించడం, మోసం చేసిన ఏజెంటు మీద ఫిర్యాదు రాయడం ఆయన పని. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి ఇచ్చినదానికి రసీదు, ఫోన్‌పే వివరాలు ఉంటే దాచి పెట్టండి.

ఇంటి మనిషి గల్ఫ్‌లో చనిపోతే ఆ కుటుంబం ఎంబసీ పేరునే వకాల్తా రాసి, పరిహారం వసూలు చేయమని అడగొచ్చు. తెలియనివాళ్లకు రాసివ్వాల్సిన అవసరం లేదు.

ఒక కేసు, వేలమందికి మేలు

లాయర్లు ఒక్కరి కోసం కాకుండా అందరి కోసం వేసిన కేసులూ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస రెఫరల్ వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఆ సర్క్యులర్ల మీద గల్ఫ్ కార్మికుల సంఘాల నాయకులు తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2021 జూలైలో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల డబ్బు తిరిగి ఇవ్వాలని ప్రవాసీ లీగల్ సెల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. ఆ తీర్పుతో రీఫండ్ అందుకున్నవాళ్లలో కోర్టు మెట్లు ఎక్కనివాళ్లే ఎక్కువ.

కేసు వేస్తే వెంటనే డబ్బు వస్తుందని మేం చెప్పడం లేదు. రాజీలో కొంత తగ్గించుకోవాల్సి రావచ్చు, నెలలు పట్టొచ్చు. కానీ వకాల్తా ఉన్న మనిషిని కంపెనీ తేలిగ్గా తీసిపారేయలేదు. ఇంటికి పోయాడు కదా, ఇంకేం చేస్తాడులే అనే ధీమా అక్కడ పోతుంది.

టికెట్ రాకముందే ఇవి సిద్ధం చేసుకోండి: ఆఫర్ లెటర్, కాంట్రాక్టు కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌పోర్టు, వీసా, ఐడీ ఫోటోలు, డ్యూటీ గంటల లెక్క, కంపెనీతో నడిచిన మెసేజ్‌లు, నోటరీ చేయించిన వకాల్తా. అన్నిటి ఫోటోలు తీసి ఇంట్లో ఒకరికి, ఇక్కడ ఒకరికి పంపండి.

ఈ పేజీని కూడా ఫోటో తీసి రూమ్ గ్రూపులో పెట్టండి. వచ్చే నెల ఇంటికి పోయేవాళ్లు ఎవరో మీకు తెలుసు. వాళ్లకు వాయిస్ మెసేజ్‌లో చదివి వినిపించండి.